జీడితోట వంపు దగ్గర ఈల

రైలు పట్టాలు చూసుకునే ఇంజినీరుగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పలాస, టెక్కలి చుట్టుపక్కలే గడిచింది. ఈ ఉద్యోగానికి ఒక సుగుణం ఉంది. సరిగ్గా చేస్తే ఎవరికీ తెలియదు. వేలమంది మీ పని మీదుగా నిద్రపోతూ వెళ్ళిపోతారు. సరిగ్గా చేయకపోతే మాత్రం పేరు పేపర్లో వస్తుంది, ఇంటిపేరుతో సహా.

నా స్థానంలో వచ్చిన ఇంజినీరు, కొత్తగా చేరేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగాడు. ప్రమోషన్ల గురించి రాయను, అవి వాటంతట అవే వస్తాయి. ఫైళ్ళ గురించీ రాయను, అవి మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. నా సర్వీసు రికార్డులో మచ్చ లేదు. రాయాల్సింది ఆ మచ్చ గురించే.

పని ఏమిటంటే

పాత పట్టా తీసి కొత్త పట్టా వేయడం అంటే, నడుస్తున్న మనిషికి నడుస్తుండగానే చెప్పులు మార్చడం. మన మెయిన్ లైనులో రెండు లైన్లుంటాయి. అందులో ఒకదాని మీద రైళ్ళు ఆపి మాకు అప్పగిస్తారు. దాన్ని బ్లాకు అంటాం. రెండున్నర గంటలు అడిగితే గంటన్నర ఇస్తారు. ఆ గంటన్నరలో పావుగంట, ఇచ్చారో లేదో తెలుసుకోవడానికే పోతుంది. మిగిలిన కాసేపట్లో మీటరుకు యాభై రెండు కిలోల పాత పట్టా ఊడదీసి, అరవై కిలోలది పెట్టి, క్లిప్పులు బిగించి, కంకర సర్ది, మొదటి రైలుని నెమ్మదిగా దాటించాలి. అది దాటేదాకా ఊపిరి తీసుకోవడం వాయిదా.

పక్క లైన్లో మాత్రం రైళ్ళు ఆగవు. మనిషి నాలుగంగలు వేస్తే ఆ లైన్లో ఉంటాడు. అందుకే లుకౌట్ అని ఒకణ్ణి పెడతాం. పని జరిగే చోటికి దూరంగా, రైలు వచ్చే వైపు నిలబడతాడు. చేతిలో జెండాలు, మెడలో ఈల. పక్క లైన్లో రైలు కనిపించగానే ఈల ఊదాలి. ఈల వినగానే అందరూ ఆ లైను వదిలి ఇవతలకి వచ్చేయాలి. అంతే. ఇన్ని యంత్రాలు వచ్చాయి, ఇంత కొలతా లెక్కా వచ్చింది. అయినా పట్టా మీద పనిచేసేవాడి ప్రాణం ఇంకొకడి ఊపిరితిత్తుల్లో ఉంటుంది. పుస్తకంలో ఇంత సూటిగా రాయరు.

వర్షాలు తగ్గాక మొదలుపెట్టి, మళ్ళీ వర్షాలు దిగేలోగా ఏడాది పనంతా చేసేయాలి. మొదటి నెలల్లో సామాను రాదు. సామాను వచ్చేసరికి బ్లాకులు దొరకవు. అన్నీ కుదిరేసరికి ఏప్రిల్ వచ్చేస్తుంది. ఆ ఎండలో ఉద్దానం ఇసక మీద ఒకపూట నిలబడినవాడికి ఆ నెలలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. నిలబడనివాడికి చెప్పినా లాభం లేదు.

మీటర్ల బాబు

మా పై అధికారి ఒకాయన రోజూ సాయంత్రం అయిదింటికి ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఎన్ని మీటర్లు?" నమస్కారం లేదు, బాగున్నావా లేదు. గ్యాంగువాళ్ళు ఆయనకి మీటర్ల బాబు అని పేరు పెట్టారు. ఆయన తనిఖీకి వస్తే మా మేస్త్రీ కూర్మినాయుడు ముందుగా ఆయన పొట్ట వైపు చూసి, "ఈ ఏడు పోగ్రెస్ బాగుంది బాబూ," అని నా చెవిలో చెప్పేవాడు.

ఒకసారి పట్టా వేడి పరిమితి దాటింది. ఆ వేడిలో పట్టాని కదిపితే పాములా మెలిక తిరుగుతుంది. పని ఆపేశానని ఆయనకి ఫోనులో చెప్పాను.

"ఎంత దాటింది?"

"మూడు డిగ్రీలు సార్."

"థర్మామీటరు ఎక్కడ పెట్టావు?"

"పట్టా మీద సార్."

"నీడ ఉన్నచోట పెట్టి మళ్ళీ చూడు."

చెడ్డవాడు కాదు. ఆయన పైన ఇంకో మీటర్ల బాబు ఉండేవాడు, ఆ పైన ఇంకొకరు. ఆ రోజు నేను పని మొదలుపెట్టలేదు. నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ సాయంత్రం అయిదింటికి ప్రశాంతంగా టీ తాగాను. పట్టా విషయంలో నాకు ఆ మాత్రం మొండితనం ఉండేది. మనుషుల విషయంలో లేదని తరవాత తేలింది.

కూకునే పని

మా గ్యాంగుల్లో ఉద్దానం ఊళ్ళవాళ్ళు చాలామంది. ఆ ఊళ్ళలోని కిడ్నీ జబ్బు గురించి మీరు చదివే ఉంటారు. చదివేటప్పుడు అదొక సమస్య. గ్యాంగులో అది ఒక మనిషి, అతనికొక పేరు, మధ్యాహ్నం కేరేజీ విప్పి తినలేక మూత పెట్టేసే ఒక చెయ్యి. క్రియాటిన్ ఎంత అని ఒకరినొకరు అడగడం, బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలు.

దాలయ్య యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళు కీమ్యాన్‌గా చేశాడు. అంటే రోజూ తెల్లారగానే సుత్తి, స్పానరు భుజాన వేసుకుని, తన వంతు పట్టా పొడుగునా నడిచి, ఊడిన క్లిప్పు కనిపిస్తే బిగించుకుంటూ పోవడం. పట్టా మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చప్పుడు బట్టి కింద కంకర గట్టిగా ఉందో లేదో చెప్పేవాడు. నేను యంత్రంతో చూసి చెప్పేది కూడా అదే. నాకు ఒకపూట ఎక్కువ పట్టేది.

ఒకరోజు కూర్మినాయుడు అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఈడు సుత్తి ఎత్తితే రొప్పుతన్నాడు బాబూ. నిన్న సగం దారిలో కూలబడిపోనాడు."

"ఏమైంది దాలయ్యా?"

"ఏటవుద్ది బాబూ? మా ఊరోల్లందరికీ అయ్యిందే," అంటూ జేబులోంచి పరీక్ష చీటీ తీశాడు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటిన్ ఆరు దాటింది.

"పెద్ద డాక్టరు దగ్గరికి రాసి పంపుతాను. పట్టా పనికి వద్దని రాస్తారు, వేరే పని ఇస్తారు. ఆఫీసులో కూర్చోవచ్చు," అన్నాను.

"ఏ ఆఫీసు బాబూ? పలాసలో ఇత్తారేటి? ఎక్కడో పట్నంలో ఏత్తారు. నాను అక్కడ పంకా కింద కూకుంటే ఇక్కడ జీడితోట ఎవులు సూత్తారు? మా ఆడదానికి సెట్టెక్కడం రాదు."

"నీకు మాత్రం వచ్చేటి?" అన్నాడు కూర్మినాయుడు. "మొన్న ఎక్కి దిగనేకపోతే నలుగురం నిచ్చెన మోసుకొచ్చేం కాదేటి."

ముగ్గురం నవ్వాం. దాలయ్య ముందుగా నవ్వడం ఆపేశాడు.

"పనికిరానోడని కాయితం మీద ఎక్కించీకండి బాబూ. మా ఊళ్ళో ఆ మాట ఎక్కినోడు మరి దిగనేదు."

మా గ్యాంగుల్లో ఒక రివాజు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒంట్లో బాగాలేనివాడికి ఈల ఇచ్చేవారు. సుత్తి ఎత్తక్కర్లేదు, కంకర తట్ట మోయక్కర్లేదు, చెట్టు పక్కన నిలబడితే చాలు. కూకునే పని అనేవారు. అతని వంతు బరువు మిగతావాళ్ళు పంచుకుని, జబ్బు మనిషిని పై అధికారుల కంట పడకుండా దాచుకునేవారు. ఆ దయ నిజమైన దయ. నా కళ్ళతో చూశాను. కాకపోతే గ్యాంగులో అందరికన్నా పదునైన చూపు, గట్టి ఊపిరి ఉన్నవాడు నిలబడాల్సిన చోట, ఆ రెండూ అందరికన్నా తక్కువ ఉన్నవాణ్ణి నిలబెట్టేవాళ్ళం. జాలితో.

నేను చీటీ మడిచి తిరిగిచ్చాను. "ఇది నేను చూళ్ళేదు. జేబులో పెట్టుకో. రేపట్నుంచి ఈల నీది," అన్నాను.

దాలయ్య దండం పెట్టాడు. ఆ సాయంత్రం ఒక మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్ళాను. ముప్ఫై నాలుగేళ్ళలో అంత తృప్తిగా ఇంటికి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నీళ్ళ డబ్బా

ఢిల్లేశు అక్కుపల్లివాడు. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి. ముప్ఫై ఏళ్ళు నిండలేదు. పట్టా మీదకి వచ్చినా పడవ మాటలు పోలేదు. రైలు వస్తుంటే "కెరటం వత్తంది, పక్కకి రండి" అని అరిచేవాడు. కూర్మినాయుణ్ణి మావా అని పిలిచి, "నువ్వు పడవలో ఉంటే బరువు తగ్గించడానికి ముందు నిన్నే తోసెత్తుము మావా," అని ఏడిపించేవాడు. కూర్మినాయుడు అతని మీద చెయ్యెత్తేవాడు. చెయ్యి దిగేలోపు అతను పది స్లీపర్ల అవతల ఉండేవాడు.

ఆరేళ్ళ కిందటి వేసవి అది. జీడితోటల మధ్య ఒక వంపు దగ్గర పని. తోట అడ్డం ఉండటం వల్ల వంపు అవతల నుంచి వచ్చే రైలు పని చోటికి కనిపించదు. దాలయ్య నిలబడిన చోటికి కనిపిస్తుంది. అలాంటి చోట ఇద్దరు లుకౌట్లు ఉండాలి, దూరంగా ఒకడు, మధ్యలో ఒకడు, మొదటివాడి ఈల రెండోవాడు అందుకునేలా. రెండోవాణ్ణి నేను పనిలోకి పిలిపించుకున్నాను. ఆ వారం మీటర్లు తగ్గాయి.

ఇంకొకటి. ఆ చుట్టుపక్కల నీడ ఉన్నది పక్క లైనుకి అవతల, తోట అంచున. నీళ్ళ డబ్బాలు అక్కడ పెట్టారు. అంటే గొంతు తడుపుకోవాలంటే రైళ్ళు నడుస్తున్న లైను దాటాలి, తాగి మళ్ళీ దాటాలి. ఆ ఎండలో గ్యాంగంతా రోజుకి ఎన్నిసార్లు దాటేవారో. నేను చూశాను. నేనూ దాటి తాగాను. నీళ్ళ డబ్బా ఏ పక్కన ఉండాలో ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: పని జరిగే పక్కనే ఉండాలి. నీడ లేకపోతే గొడుగు కొనండి.

పదకొండున్నర అవుతోంది. కంకర సర్దే యంత్రం నడుస్తోంది. దాని మోతలో పక్కవాడి మాట కూడా పెదవుల కదలిక చూసి తెలుసుకోవాలి. ఢిల్లేశు అవతల నీళ్ళు తాగుతున్నాడు. కూర్మినాయుడు చెయ్యి ఊపి త్వరగా రమ్మన్నాడు. ఢిల్లేశు నీళ్ళ సీసా ఒకటి పైకెత్తి చూపించాడు, నీకూ తెస్తున్నానన్నట్టు. ఈల వినపడలేదు కాబట్టి లైను ఖాళీ అనుకున్నాడు. అలా అనుకోమని నేర్పింది మేమే. లైను మీదకి ఎక్కాడు.

రైలు వంపు తిరిగింది. డ్రైవరు హారన్ కొట్టాడని తరవాత చెప్పాడు. కొట్టే ఉంటాడు. నేను అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. మిగతాది రాయను. రాయడానికి పెద్దగా లేదు, అంత త్వరగా అయిపోయింది.

నేను వంపు వైపు పరిగెత్తాను. దాలయ్య జీడిచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. చొక్కా ముందంతా వాంతి. జెండా ఒళ్ళో ఉంది. ఈల పెదవుల మధ్యే ఉంది. నన్ను చూసి అది తీశాడు.

"బండి సూసేను బాబూ. ఈల నోట్లో ఎట్టుకున్నాను. ఊపిరి రానేదు." పట్టా వైపు చూశాడు. "ఎవులికేనా తగిలినాదేటి?"

తోసిపుచ్చలేము

విచారణకి వచ్చిన అధికారికి తెలుగు రాదు. దాలయ్యకి తెలుగు తప్ప ఏదీ రాదు. మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. ముందురోజే దాలయ్యకి చెప్పాను, "అడిగినదానికే జవాబు చెప్పు. నీ జబ్బు మాట ఎత్తకు," అని.

"రైలు చూశావా?"

"సూసేను."

"ఈల నోట్లో పెట్టుకున్నావా?"

ఈ రెండో ప్రశ్న అధికారి అడిగింది కాదు. ఆయన అడిగింది ఊదావా అని. నేను ఇలా మార్చి అడిగాను.

"ఎట్టుకున్నాను," అన్నాడు దాలయ్య, నా మొహం చూస్తూ.

"ఊదానంటున్నాడు సార్," అన్నాను. అలాగే రాసుకున్నారు. దాలయ్య సంతకం పెట్టాడు. ఈల ఊది ఉంటే ఢిల్లేశు ఎందుకు లైను ఎక్కాడన్న ప్రశ్న మిగిలింది. దానికి కూడా నేనే సాయపడ్డాను. ఢిల్లేశు జేబులో ఫోను ఉంది. పదకొండింటికి అతని భార్య నీలవేణి చేసిన కాల్ ఉంది. కేరేజీ ఇంట్లో మరిచిపోయాడని చెప్పడానికి చేసింది. నిమిషం కూడా మాట్లాడలేదు. ప్రమాదం జరిగింది అరగంట తరవాత. నివేదికలో కాల్ ఉంది, అరగంట లేదు. చిత్తు ప్రతిలో ఈ వాక్యం నాది: "మొబైల్ ఫోను వలన దృష్టి మరలియుండు అవకాశమును తోసిపుచ్చలేము."

ఇందులో అబద్ధం వెతకండి, దొరకదు. తోసిపుచ్చలేమన్న మాట నిజమే. అలా చూస్తే ఆ నిమిషానికి భూమి కంపించిందన్నదీ తోసిపుచ్చలేము. ఆఫీసు భాషలో నేను రాసిన వాక్యాలన్నిటిలోకి ఇంత పకడ్బందీగా కుదిరింది ఇంకోటి లేదు.

నాకు, ఇకమీదట మరింత జాగ్రత్త వహించవలెనని ఒక కాగితం వచ్చింది. శిక్ష కాదు, సలహా. దాలయ్య ఉద్యోగం నిలబెట్టడానికే ఇదంతా చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం. రెండో సగం నా కుర్చీ.

ఇక్కడ ఒక మాట. దాలయ్యని పనికి వద్దని రాయించి, అతని ఊరికి దగ్గర్లోనే కూర్చునే పని ఇమ్మని పైవాళ్ళతో పోట్లాడి ఉండవచ్చు. నాలుగు ఉత్తరాలు, పది ఫోన్లు, ఆరు నెలలు, రెండు చీవాట్లు. దొరికేదో లేదో కూడా తెలియదు. ఈల ఇవ్వడానికి ఒక్క నిమిషం పట్టింది. నేను తేలికైనది చేసి దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. మీ దగ్గరికీ అలాంటి చీటీ వస్తుంది. చూడండి. చూడలేదని చెప్పకండి.

భర్త ఉద్యోగం నీలవేణికి ఇచ్చారు. పలాసలో మా స్టోరులో పని. నివేదికలోని ముక్క ఎలా వెళ్ళిందో అక్కుపల్లి వెళ్ళింది. దారిలో 'తోసిపుచ్చలేము' ఊడిపోయింది. పెళ్ళాం ఫోను చేసింది, మొగుడు రైలు కింద పడ్డాడు, అంతే మిగిలింది. ఆమెకి ఉద్యోగం వచ్చాక ఇంకో ముక్క చేరింది: మొగుణ్ణి చంపి ఆడి ఉద్యోగం కొట్టేసిందని. అత్త ఎర్రమ్మ ఆమెని గుమ్మం ఎక్కనివ్వలేదు. సంవత్సరీకానికి వెళితే వీధి మొదట్లోనే ఆపి, అందరిముందూ తిట్టి పంపేసింది. నీలవేణి పలాసలో ఒక గది అద్దెకి తీసుకుని ఒక్కతే ఉండేది.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. కూర్మినాయుడు చెప్పాడు. విని, ఆ రోజు మీటర్లు ఎన్నయ్యాయని అడిగాను.

దాలయ్య రెండేళ్ళ తరవాత పోయాడు. కోరుకున్నట్టే, తోటకి దగ్గర్లోనే.

టీ కప్పులు

నా ఆఖరి రోజున శాలువా కప్పారు, దండ వేశారు. మీటర్ల బాబు బదిలీ మీద వెళ్ళిపోయాక వచ్చిన అధికారి నాది మచ్చలేని సర్వీసు అన్నాడు. చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్ళాక నీలవేణి కప్పులు తీస్తోంది. ఆరేళ్ళలో నాతో ఆమె మాట్లాడినవన్నీ సామాను మాటలే.

"బాబూ, ఒక మాట అడగనా? రేపట్నించి మీరు కనపడరు కదా."

"అడుగు."

"దాలయ్య మావ పోయేముందు అక్కుపల్లి వచ్చేడు. నన్నూ రమ్మని కబురెట్టేడు. ఆటోలోంచి దిగనేకపోనాడు. అందులో కూకునే మా అత్తకీ నాకూ మొత్తం సెప్పేడు. ఊపిరి రానేదని, ఈల ఊదనేదని. మా అత్త నమ్మనేదు. జబ్బు మనిసి, నా మీద జాలిపడి అలగ సెప్తన్నాడంది. కాయితంలో అలగ నేదు కదా అంది."

ఆమె ఒక కప్పులో ఇంకో కప్పు పెట్టింది.

"ఆయనికి నిలబడ్డానికే ఓపిక నేదు బాబూ. అయినా వచ్చి సెప్పేడు. మీకు ఒంట్లో బాగానే ఉంది కదా. మీరెందుకు సెప్పనేదు?"

ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి. దండ మెడలోనే ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాను.

"అక్కుపల్లి వస్తాను," అన్నాను చివరికి.

"ఎప్పుడు?"

"వస్తాను."

పదకొండు రోజులు పట్టింది. తీరిక లేక కాదు, చేతినిండా తీరికే. ఆ పదకొండు రోజుల్లో జరిగింది జరిగినట్టు ఆఫీసుకి ఒక ఉత్తరం రాసి పంపాను. అందినట్టు రసీదు వచ్చింది. ఇంతవరకూ అంతే వచ్చింది. పన్నెండో రోజు నీలవేణి సెలవు పెట్టింది. ఇద్దరం బస్సెక్కాం.

అక్కుపల్లి

వీధి మొదట్లో నీలవేణి ఆగిపోయింది. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. ఎర్రమ్మ ఇంటి ముందు పరిచిన పాత వల మీద ఎండుచేపలు తిరగేస్తోంది. డెబ్బై ఏళ్ళుంటాయి. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవులు?"

పేరు చెప్పాను. ఏం పనిచేశానో చెప్పాను. వచ్చిన పని చెప్పడానికి మధ్యలో చాలా ఉపోద్ఘాతం పెట్టాను. ఆమె అడ్డుకుంది.

"కాయితం రాసింది నువ్వేనేటి?"

"నేనేనమ్మా. ఫోను మాటా నేనే రాశాను. ఫోను అరగంట ముందే పెట్టేశాడు. రైలు వచ్చేటప్పటికి చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఈల ఎవరూ ఊదలేదు. దాలయ్య చెప్పింది నిజం. ఊదలేని మనిషని తెలిసీ అతన్ని అక్కడ నిలబెట్టింది నేను."

ఎర్రమ్మ ఆ వరస చేపలన్నీ తిరగేసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను. ఆ రెండింటికీ సిద్ధపడే వెళ్ళాను. ఆమె చేతులు దులుపుకుని లేచింది.

"నాకొక్కదానికి సెప్తే ఏటి? అది నా కొడుకుని సంపేసినాదని నాను ఒక్కలికి సెప్పేనేటి? ఇంటింటికీ ఎల్లి సెప్పేను. ఆరేల్లు సెప్పేను. నడు."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికేటి? నాను సెప్పిన సోటల్లా నువ్వు సెప్పు."

ఆమె ముందు, నేను వెనక. మొదటి ఇంటి తలుపు తట్టింది. ఒకావిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"ఏటి పిన్నీ? ఎవులీ బాబు?"

"సెప్తాడు, ఇను."

నేను మొదలుపెట్టాను. "అప్పటి పరిస్థితుల దృష్ట్యా" అన్నాను.

"ఏటది?" అంది ఎర్రమ్మ.

రెండో ఇంటి దగ్గర ఆ మాట తీసేశాను. మూడో ఇంట్లో వల అల్లుతున్న ఇద్దరు మగవాళ్ళు లేచి నిలబడి విన్నారు. అందులో ఒకడు, ఢిల్లేశుతో పడవ మీద వెళ్ళినవాడట, "ఇన్నేల్లూ ఎక్కడ సచ్చేవు?" అన్నాడు. పలాసలోనే ఉన్నానని చెప్పాను. నాలుగో ఇంట్లో ఒక ముసలావిడ మొత్తం విని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. అయిదో ఇంటికి వచ్చేసరికి నా మాట పొట్టిదైంది: "ఈల ఊదలేని మనిషిని నేనే నిలబెట్టాను. నీలవేణి ఫోను వల్ల కాదు." అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదని అప్పుడు తెలిసింది. ఆరేళ్ళ కిందట విచారణలో ఆ రెండు ముక్కలూ నిమిషంలో అయిపోయేవి.

వీధి ఆఖరి ఇంట్లో ఒక పెద్దాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"అయితే ఆడు ఫోనులో నేడు?"

"లేడు."

"మరి కాయితంలో ఉందన్నారు?"

"ఆ కాగితం నేనే రాశాను."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూశాడు. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అయిపోయిందనుకుని మొహం తుడుచుకున్నాను. నీలవేణి మా వెనకే దూరందూరంగా వస్తూ, రెండిళ్ళ అవతల ఒక అరుగు పక్కన ఆగి ఉంది. ఎర్రమ్మ ఆమె వైపు చూసింది.

"అక్కడే నిలబడిపోనావేటే? రా," అంది.

తరవాత నా వైపు తిరిగింది.

"నడు. ఎనకాల ఇంకో ఈది ఉంది."